మూడో ఆదివారం పచ్చదనం

తెల్లవారుజాము పూజ ముగిసి, జనం మఫ్లర్లు చుట్టుకుంటూ మంచులోకి వెళ్లిపోయాక, వేఫా చీపురు తీసుకుని బలిపీఠం ముందుకు వచ్చింది. రాగానే ఊడవలేదు. ముందు నేలవైపు చూసింది, తర్వాత మెడ వెనక్కి వాల్చి పైకి చూసింది. పైన, నాలుగు ఊదా రంగు పట్టీలతో, తాడుకు వేలాడుతూ ఆగమన వలయం ఉంది, పచ్చని కొమ్మలతో గుండ్రంగా కట్టి నాలుగు కొవ్వొత్తులు గుచ్చినది. కింద, నిన్న పొద్దున్నే తను శుభ్రంగా ఊడ్చిన చలువరాతి మీద, సూదుల్లాంటి ఆకులు గుప్పెడు రాలి ఉన్నాయి. మొన్న గుప్పెడు లేవు. వేఫాకు కడుపు నిండినట్టయింది.

అది బుధవారం. క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో రెండు అయిపోయాయి. రెండు ఊదా కొవ్వొత్తులు కాలి పొట్టివయ్యాయి. మూడోది, గులాబీ రంగుది, ఈ ఆదివారం వెలగాలి. జావోర్యే ఊళ్లో గులాబీ రంగు వెలిగే రోజంటే చిన్న సంగతి కాదు. ఎదురుచూపు సగం దాటాం, ఇక సంతోషించండి అని చెప్పే దీపం అది. ఆ రోజు ఫాదర్ కూడా గులాబీ రంగు వస్త్రమే వేసుకుంటారు. పైగా ఈ ఏడు ఆ దీపం వెలిగించే వంతు చర్చి సంఘం పెద్ద హెర్మినా ఇంటివాళ్లది. ఆమెకు కొత్తగా కలిసిన వియ్యాలవారు మారిబోర్ నగరం నుంచి రెండు కార్లలో దిగుతున్నారు. నాలుగు రోజుల్లో ఇంకెన్ని ఆకులు రాలతాయో వేఫా మనసులోనే లెక్క వేసుకుంది.

చర్చి తలుపు తీయడం, గంట కొట్టడం, వస్త్రాలు ఇస్త్రీ చేయడం, నేల ఊడవడం ఆమె పని. పోయిన ఏడు దాకా ఈ వలయం కట్టడం కూడా ఆమె పనే. ఇరవై రెండేళ్లు కట్టింది. నవంబరులో సంఘం కూర్చుని, ఈసారి వలయం సంఘం పెద్ద హెర్మినా గారి పూల దుకాణం నుంచి వస్తుందని తేల్చేసింది. "ఇన్నాళ్లూ కష్టపడ్డావు, ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు వేఫాతో. విశ్రాంతి వలయానికే, చీపురుకు కాదు. ఆమె కట్టింది మోటుగా ఉంటుందనీ, ఆవులకు వేసే మేతలా ఉంటుందనీ హెర్మినా ఆ సమావేశంలో అన్న మాట కూడా మర్నాటికల్లా చెవిన పడనే పడింది.

వచ్చిన వలయం అందంగానే ఉంది. వెండి బంతులు, పైన్ కాయలు, దాల్చిన చెక్క ముక్కలు, పట్టీకి కట్టిన దుకాణం పేరు కార్డు. కానీ మొదటి రోజు తాడు లాగి పైకెక్కిస్తున్నప్పుడే వేఫా వేళ్లకు ఆకు గుచ్చుకుంది. చదునుగా, మెత్తగా, అడుగున రెండు తెల్లని గీతలతో ఉండే జెల్కా చెట్టు ఆకు కాదది. సూదిలా గుచ్చే స్మ్రెకా చెట్టుది. స్మ్రెకా కొమ్మ చలిలో ఉంటే సరే, వెచ్చటి గదిలో రెండు వారాలు నిలవదు. ఈ ఏడాదే చర్చి నేల కింద వేడి గొట్టాలు వేయించారు. అంతా అర్థమైంది వేఫాకు. తాడు కొక్కేనికి చుట్టి, చేతులు దులుపుకుని, నోరు మూసుకుని ఇంటికి పోయింది.

"అమ్మా, ఆ కింద ఊడవడం మరిచిపోయినట్టున్నారు" అన్నాడు ఫాదర్ గాష్పెర్, వస్త్రాల గదిలోంచి బయటికొస్తూ. కుర్రవాడు. ఊరికి వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు.

"నిన్ననే ఊడ్చాను ఫాదర్. ఇవి కొత్తవి."

"ఇప్పుడు రాలినవా?"

"మీరు దీవెన ఇస్తున్నప్పుడు రాలినవి."

ఫాదర్ పైకి చూశాడు. మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. "నీళ్లు చల్లితే ఏమన్నా ఆగుతుందా?"

"శ్మశానంలో నీళ్లు చల్లితే ఏమాగుతుంది ఫాదర్?" అంది వేఫా, చీపురుకు పని చెబుతూ. ఆకులన్నీ ఎత్తింది గానీ, సరిగ్గా వలయం కింద గుండ్రంగా కాసిని వదిలేసింది. చూసేవాళ్లు చూడాలిగా.

గురువారం చూశారు. కాఫీ దుకాణంలో ఆ మాటే నడిచింది. శుక్రవారం నాటికి వలయానికి ఒక పక్క కొమ్మల అడుగునుండే గడ్డి చుట్టు బయటపడింది. వెండి బంతులు మోడు కొమ్మలకు వేలాడుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం హెర్మినా వచ్చింది. మెడకు బొచ్చు కాలరున్న కోటు, ఒక చేతిలో కారు తాళాలు, ఇంకో చేతిలో ఆకుపచ్చ రంగు స్ప్రే డబ్బా.

"కాస్త కిందికి దించు వేఫా."

వేఫా స్తంభం దగ్గరికెళ్లి కొక్కెం నుంచి తాడు విప్పింది. పాత కప్పీ అది. కిందికి దించితే తాడు కొక్కేనికి అందదు, ఎవరో ఒకరు పట్టుకునే నిలబడాలి. కప్పీ కిర్రుమంది, వలయం కుదుపుతో దిగింది. ఆ కుదుపుకు ఆకులు వానలా హెర్మినా తల మీదా కాలరులోనూ పడ్డాయి.

"కావాలని చేశావు."

"కప్పీ ముసలిది హెర్మినా గారూ. నాలాగే."

హెర్మినా కాలరు దులుపుకుంది. వలయం అంచును బొటనవేలితో తాకింది. తాకిన చోటల్లా రాలింది. ముప్ఫై ఏళ్లుగా పూల దుకాణం నడుపుతున్న మనిషి, ఆ చేతులకు తెలియనిది కాదు. నగరం నుంచి జెల్కా లోడు రాలేదని, దుకాణం పనిమనిషి చేతికందిన స్మ్రెకాతోనే కట్టేసిందని, తను చూసుకోలేదని, ఇవన్నీ ఆమె వేఫాకు చెప్పలేదు, వలయానికి చెబుతున్నట్టు గొణుక్కుంది.

"మొదటి రోజు పైకెక్కించింది నువ్వే. నీకు తెలుసు."

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా!"

"అడిగితే చెప్పేదాన్ని. ఆవుల మేత కట్టేదాన్ని, నన్నెవరు అడుగుతారు?"

హెర్మినా ముఖం ఎర్రబడింది. డబ్బా మూత తీసింది.

"అది చల్లకండి" అంది వేఫా. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "దాంట్లో ఉండేది అంటుకునే సరుకు. పక్కనే నాలుగు దీపాలు. చర్చి మొత్తం పోతుంది."

ఆ సంగతీ హెర్మినాకు తెలియక కాదు. మూత మళ్లీ పెట్టేసింది. "రేపు నాకు రెండు చావులకు దండలున్నాయి. పనిమనిషికి జ్వరం. ఆదివారం పొద్దున్న వియ్యాలవారు" అని చేతి వేళ్లు ముడుస్తూ పోయి, మధ్యలో ఆపేసింది. ఇంకొక్క మాట అంటే అడిగినట్టవుతుంది. అడగలేదు. "ఎలా ఉంటే అలా ఉంటుంది. నువ్వు చూసి సంతోషించు."

"చూస్తాను" అంది వేఫా.

ఆ సాయంత్రం ఆమె నిజంగానే సంతోషంగా ఉంది. పుట్టగొడుగుల చారు వేడి చేసుకుని, రెండు ముక్కలు నల్ల రొట్టె తిని, టీలో రమ్ము కాస్త ఎక్కువే పోసుకుంది. ఆదివారం హెర్మినా తన కొత్త వియ్యపురాలి ముందు ఆ బోడి చుట్టు కింద నిలబడి దీపం వెలిగించే దృశ్యాన్ని మూడుసార్లు ఊహించుకుంది. మూడోసారి కూడా రుచి తగ్గలేదు.

శనివారం తెల్లవారుజాము పూజ అయ్యాక అందరూ వెళ్లినా ఫ్లోర్యాన్ వెళ్లలేదు. ముందు వరుసలో, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభై దాటాయి. భార్య ఇవాన్కా నవంబరు మొదటి వారంలోనే పోయింది. అప్పటినుంచి రోజూ ఇలాగే కూర్చుంటున్నాడు, వేఫా రోజూ అతని కాళ్ల చుట్టూ ఊడుస్తోంది.

"కాళ్లెత్తు బాబాయ్."

ఎత్తాడు. దించాడు.

"వేఫా, ఇది కూడా పోతోందేమే?" అన్నాడు.

"ఏది?"

గడ్డంతో పైకి చూపించాడు. "ఇంట్లో కూచోబుద్ధి కాదు. ఆమె పెంచిన కుండీలు ఒక్కోటీ ఎండిపోతున్నాయి, నాకు చూసుకోవడం రాదు. ఇక్కడికొస్తే ఇదన్నా పచ్చగా ఉండేది. ఊరంతా మంచు కింద చచ్చి పడున్నా ఇదొక్కటి చావదు, అందుకే గుండ్రంగా కడతారు, దానికి చివరనేది లేదు అని చెప్పేది ఇవాన్కా. ఏటా చెప్పేది, నేను వినేవాణ్ణి కాదు. ఈ ఏడు విందామని వచ్చి కూచుంటే..." అని టోపీ తలకు పెట్టుకున్నాడు. "ఏం లేదులే. ముసలాడి గోల."

కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

వేఫా చీపురు పట్టుకుని అక్కడే నిలబడింది. రాత్రి టీలో పోసుకున్న రమ్ము గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటే ఒళ్లుమండిపోయింది కూడా, ఎవరి మీదో తెలియకుండా. రెండు వారాలుగా ఆమె ఆ వలయంలో హెర్మినాను తప్ప ఇంకేమీ చూడలేదు. దాని కింద మనుషులు కూర్చుంటున్నారని, దాన్ని చూసి ఏదో అడుక్కుంటున్నారని గుర్తే లేదు. ఇరవై రెండేళ్లు కట్టిన మనిషికి గుర్తుండాల్సింది అదొక్కటే. తన చేతి పనికి జరిగిన అవమానం పెద్దదే. కానీ తనుండగా, తన కళ్లముందు, జావోర్యే చర్చిలో మూడో ఆదివారానికి ఎండిన వలయం వేలాడటం అంతకంటే పెద్ద అవమానం అనిపించింది. ఆ తల దించుకోవడం హెర్మినాది కాదు, తనది.

ఊడ్చిన చెత్తను మడిలో పారబోసి, ఇంటికెళ్లి రబ్బరు బూట్లు వేసుకుంది. వీపుకు బుట్ట తగిలించుకుని, కత్తెర, తాడు పెట్టుకుని కొండెక్కింది. జెల్కా చెట్లు ఊరి దగ్గర లేవు. కిందవన్నీ జింకలు కొరికేశాయి. పైన, రాతి గట్టు దాటాక, అక్టోబరు గాలికి ఒకటి పడిపోయి ఉందని ఆమెకు తెలుసు. మోకాలి లోతు మంచులో వంగి, పడిన చెట్టు పైపక్క కొమ్మలు, చిటికెన వేలంత మందానివి, ఏరి కోసింది. కోసిన ప్రతి కొమ్మనూ ముక్కు దగ్గర పెట్టుకుంది. నారింజ తొక్క చిదిమినట్టు వాసన. రెండుసార్లు బుట్ట నింపి కిందికి మోసింది. అరవై మూడేళ్ల మోకాళ్లు దిగుతున్నప్పుడు చెప్పాల్సింది చెప్పాయి, వేఫా వినిపించుకోలేదు.

ఒంటిగంటకల్లా చర్చిలో ఉంది. వలయాన్ని దించి నాలుగు కుర్చీల మీద పడుకోబెట్టింది. కొవ్వొత్తులు తీసి వరుసగా గుడ్డలో పెట్టింది. వెండి బంతులు విప్పింది. తీగ కత్తిరించి స్మ్రెకా మొత్తం ఊడదీస్తే, నేల మీద మోకాలెత్తు కుప్ప అయింది. మిగిలిన గడ్డి చుట్టును చేత్తో నొక్కి చూసింది. గట్టిగా, ఒకే మందంగా, ఎక్కడా వదులు లేకుండా ఉంది. ఇది మాత్రం హెర్మినా స్వయంగా చుట్టిందే, పనిమనిషి పని కాదు. బాగా చుట్టింది, ఒప్పుకోవాల్సిందే అనుకుంది.

తర్వాత కట్టడం. అరచేతంత కొమ్మలు మూడు తీసుకుని, పొట్టిది పైన, పొడుగుది కింద, కాడలు ఒక దగ్గరికి చేర్చి చుట్టు మీద పెట్టడం. తీగను రెండుసార్లు తిప్పి, మూడోసారి కాడల్లోకి దిగేదాకా బిగించడం. తర్వాతి మూడు కొమ్మలు ముందువాటి కాడల్నీ తీగనూ కప్పేలా పెట్టడం. లోపలి వైపు చిన్నవి, బయటి వైపు గుబురువి. గంటకు ఒక జానెడు, రెండు జానలు. వేళ్లకు బంక అంటి నల్లబడ్డాయి. కుడి బొటనవేలు తీగకు కోసుకుంటే నోట్లో పెట్టుకుని, మళ్లీ అదే వేలితో బిగించింది.

మూడున్నరకు ఫాదర్ గాష్పెర్ లోపలికి వచ్చాడు. కుప్పను, కుర్చీలను, ఆమెను చూశాడు.

"అమ్మా..."

"అడ్డం నిలబడకండి ఫాదర్, వెలుతురు పోతోంది."

ఫాదర్ పక్కకు జరిగాడు. కాసేపయ్యాక వంగి కొమ్మలు అందించడం మొదలుపెట్టాడు. మొదట తలకిందులుగా అందించాడు, ఆమె తిప్పి పెట్టుకుంది. తర్వాత నేర్చుకున్నాడు.

"నవంబరులో నేను గట్టిగా మాట్లాడాల్సింది" అన్నాడు.

"మాట్లాడాల్సిందే."

ఇంకేదన్నా అంటుందేమోనని చూశాడు. ఆమె ఇంకో కొమ్మ కోసం చెయ్యి చాపింది.

"హెర్మినా గారికి ఫోను చేసి చెప్పనా, మీరు చేస్తున్నారని?"

"ఎందుకు చెప్పడం? వచ్చి థాంక్స్ చెబుతుందనా? నేను ఆవిడ కోసం చెయ్యట్లేదు." తీగ బిగించింది. "కళ్లున్నవాళ్లకు తెలుస్తుంది. లేనివాళ్లకు చెప్పినా తెలీదు. పొడుగుది ఇవ్వండి, పొడుగుది."

చివరి గుత్తి పెట్టేటప్పుడు మొదటి గుత్తిని చేత్తో పైకెత్తి, దాని కిందకు కాడలు దూర్చి, తీగ కొసను గడ్డిలోకి గుచ్చింది. చుట్టూ తిరిగి వచ్చి చూస్తే ఎక్కడ మొదలెట్టిందో ఆమెకే దొరకలేదు. ఇదే ఆమెకు ఎప్పుడూ ఇష్టమైన క్షణం. తను కట్టింది తనకే మొదలు చూపించకపోవడం. ఇవాన్కా చెప్పిన మాట ఇదే కదా, చివర లేదని. వెండి బంతులు పక్కన పెట్టేసింది. కొవ్వొత్తులు వాటి వాటి చోట గుచ్చింది. మొదటిది అన్నిటికంటే పొట్టి, రెండోది కాస్త మేలు, గులాబీది, నాలుగోది నిండుగా. దుకాణం కార్డును చేతిలోకి తీసుకుని ఒక నిమిషం చూసింది. పొయ్యిలో వేయాలనిపించింది. వేయలేదు. ఎక్కడిది అక్కడే పట్టీకి కట్టేసింది. ఒకరి పేరు పీకడానికి ఇంత కొండెక్కలేదు తను.

ఇంటికి వెళ్లి పంది కొవ్వు రాసి ఎంత రుద్దినా వేళ్ల నలుపు పోలేదు.

ఆదివారం పది గంటల పూజకు చర్చి కిక్కిరిసింది. వేఫా ఎప్పటిలాగే స్తంభం పక్కన, తాడు దగ్గర నిలబడింది. ముందు వరుసలో వియ్యాలవారు, వాళ్ల పక్కన ముదురాకుపచ్చ కోటులో హెర్మినా. తల ఎత్తలేదు ఆమె. వచ్చినప్పటి నుంచి ఒళ్లోని చేతి తొడుగుల్నే చూస్తోంది. ఆవిడ పైకి చూడటానికి భయపడుతోందని వేఫాకు అర్థమైంది. మొన్న మూడుసార్లు ఊహించుకుని ఆనందించిన ముఖం అదే. తీరా చూస్తే అందులో చూడదగ్గదేమీ లేదు.

ఫ్లోర్యాన్ ముందే వచ్చి తన చోట కూర్చున్నాడు. మెడ వెనక్కి వాల్చి పైకే చూస్తున్నాడు. టోపీ ఎప్పుడు జారి కింద పడిందో అతనికి తెలియదు.

గులాబీ వస్త్రంలో ఫాదర్ గాష్పెర్ ముందుకొచ్చి, మూడో దీపం వెలిగించవలసిన ఇంటివారిని పిలిచాడు. వేఫా కొక్కెం నుంచి తాడు విప్పింది. జెల్కా బరువు ఎక్కువ. రెండు చేతులా పట్టుకుని, కాలు స్తంభానికి తన్నిపెట్టి, మెల్లగా దించింది. ఒక్క ఆకు రాలలేదు.

హెర్మినా పొడుగాటి వెలిగింపు కర్ర పట్టుకుని వలయం కిందకు వచ్చి, అప్పుడు తలెత్తింది.

చేతి తొడుగు తీసి, ఒక కొమ్మ పట్టుకుని వెనక్కి తిప్పి, అడుగున ఉన్న రెండు తెల్లని గీతలు చూసింది. వేలితో తీగ కోసం వెతికింది. దొరకలేదు. వలయం చుట్టూ నడిచింది, నెమ్మదిగా, కట్టు ఎక్కడ మొదలైందో వెతుకుతూ. కర్ర కొసన నిప్పు కాలుతూనే ఉంది. వెనక వరుసల్లో దగ్గులు మొదలయ్యాయి. వియ్యపురాలు కూతురి చెవిలో ఏదో అడిగింది. ఫాదర్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఇది నాది కాదు" అంది హెర్మినా.

గట్టిగానే అంది. వంద సమావేశాలు నడిపిన గొంతు, చివరి వరుస దాకా వినబడింది.

"లోపలి చుట్టు నాది. ఈ పచ్చదనం వేఫాది. నాది రాలిపోయింది, మీరంతా చూశారు." పట్టీకి ఉన్న కార్డును ఒక్క లాగు లాగి కోటు జేబులో పెట్టుకుంది. మెడ వరకూ ఎర్రగా కందిపోయింది, అయినా అలాగే స్తంభం దాకా నడిచి వచ్చింది. కర్ర ముందుకు చాపింది. "నువ్వు వెలిగించు."

వేఫా ఆ కర్ర వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా ఈ తాడు పట్టుకుని ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ దీపం వెలిగిస్తుంటే చూసింది. తన ఇల్లు ఆ జాబితాలో ఎప్పుడూ లేదు, తాడు పట్టుకునే మనిషిని వెలిగించమని ఎవరు అంటారు? వద్దు అనేద్దామా అని ఒక క్షణం నాలిక చివరిదాకా వచ్చింది. వద్దంటే ఎంత బాగుంటుందో కూడా తెలుసు. కానీ మనసు అబద్ధం చెప్పనివ్వలేదు. కావాలి. ఎప్పటినుంచో కావాలి.

"తాడెవరు పట్టుకుంటారు?" అంది.

హెర్మినా రెండో తొడుగు కూడా తీసి జేబులో కుక్కింది. చేతులు చాపింది. వేఫా తాడు ఆ చేతుల్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకో హెర్మినా. కాలు ఇక్కడ తన్నిపెట్టు. వదిలావంటే అందరి నెత్తినా పడుద్ది."

వేఫా చేతులు వదిలేసరికి హెర్మినా భుజాలు ఒక్కసారి ముందుకు ఒరిగాయి. పళ్లు బిగబట్టి నిలదొక్కుకుంది.

వేఫా కర్ర తీసుకుని వలయం దగ్గరికి నడిచింది. వేళ్ల నలుపు అందరికీ కనబడుతోందని తెలుసు, దాచుకోలేదు. మొదటి ఊదా కొవ్వొత్తి ముట్టించింది. పక్కకు జరిగి రెండోది ముట్టించింది. గులాబీ రంగుది కొత్త వత్తి, వెంటనే అంటుకోదు, నిప్పును దాని పక్కనే ఆనించి ఓపిగ్గా పట్టుకుంది. అంటుకుంది. మంట ముందు నీలంగా కుంచించుకుని, తర్వాత నిటారుగా లేచింది. వేడికి జెల్కా వాసన ఒక్కసారి గుప్పుమని ముందు వరుసల మీదుగా వెనక్కి పాకింది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

పని అయిపోయింది. ఇక పక్కకు తప్పుకుంటే వలయం పైకెక్కాలి. వేఫా తప్పుకోలేదు. కర్ర కొసన నిప్పు ఊది ఆర్పింది. ఒక అడుగు వెనక్కి వేసి, తల ఎత్తి, తన చేతి పనిని చుట్టూ తీరిగ్గా ఒకసారి చూసింది. జనాన్నీ చూడనిచ్చింది. వెనక స్తంభం దగ్గర హెర్మినా ఊపిరి బరువుగా వినబడుతోంది, తాడు ఆమె అరచేతుల్ని కోస్తూ ఉంటుంది. కోయనీ, ఇది ఎంత బరువో తెలియాలి అనుకుంది వేఫా.

ఇంకో నాలుగు ఊపిర్లు తీసుకుని, అప్పుడు వెనక్కి తిరక్కుండానే అంది.

"ఇక లాగు."